పెట్రోలు పోస్తున్నంతసేపూ

చూశానా, చూడలేదా? బంకులో ఆ అమ్మాయి ఎర్ర పిడి గొట్టం పట్టుకొచ్చి నా బండి ట్యాంకు మూత తీస్తుంటే పక్క అద్దంలో నేను చూశానా, లేక తల అద్దం వైపు ఉంది గానీ కళ్ళు ఇంకెక్కడో ఉన్నాయా? అక్కడ ఎర్ర పిడి పెట్రోలుది, నల్ల పిడి డీజిల్‌ది. ఇరవై ఆరేళ్ళు పద్నాలుగు సీట్ల టాక్సీ తోలినవాణ్ణి, నాకు ఒకరు చెప్పాలా? ఈ వ్యాను నా చేతికొచ్చాక డీజిల్ తప్ప ఇంకోటి తాగి ఎరగదు. అలాంటి దాని కడుపులో ఇవాళ నలభై లీటర్ల పెట్రోలు పోయించుకుని, లుకాయా దాటి పది కిలోమీటర్లు ఈడ్చుకొచ్చి, కలుంగు పోయే ఈ ఎర్రమట్టి రోడ్డు మీద టకటకా కొట్టుకుని, తెల్ల పొగ కక్కి ఆగిపోయింది. ఫిల్టరు కింద బిరడా తిప్పి చేతిలో పట్టి చూశాను. పల్చటి నీళ్ళలా జారిపోయింది, వాసన గుప్పుమంది. ఇంక చూడాల్సిందేమీ లేదు, అయినా రెండుసార్లు పట్టి చూశాను. గుడ్డతో తుడిచినా, మట్టితో రుద్దినా వాసన పోవడం లేదు. పన్నెండు ఇరవై. ఒంటిగంటకి పెళ్ళికూతురి ఇంటి ద్వారం దగ్గర వాళ్ళు వరసలో నిలబడాలి.

వాళ్ళు అంటే పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు. నేను అందులో లేను, బండి తోలే మనిషిని. బండి ఆగగానే ముందున్న మూడు కార్లూ ఆగి అందరూ దిగారు. మడమల దాకా దిగే తెల్ల కంజుల మీద నల్ల కోట్లు వేసుకున్న మగవాళ్ళు, రంగురంగుల గోమెసి గౌన్లలో ఆడవాళ్ళు, ఆ దుమ్ములో అంచులు ఎత్తి పట్టుకుని నా బండి చుట్టూ చేరారు. మా తరఫున మాట్లాడడానికి కిరాయికి తెచ్చుకున్న లుబోవా, మాటలమ్ముకుని బతికే మనిషి, ట్యాంకు దగ్గర వంగి వాసన చూశాడు. తర్వాత, 'అన్నిటికీ పెట్రోలే అని నేనే చెప్పానయ్యా, ఇది డీజిల్ బండని నాకెవడు చెప్పాడు?' అన్నాడు. పెళ్ళికొడుకు పినతండ్రి బుకెన్యా బంకులో పిల్లని తిట్టాడు. నన్నెవరూ ఏమీ అనలేదు. డ్రైవరనేవాడు చూసుకోవద్దా అని ఒక్కడు అనుంటే బాగుండేది, నేనూ గట్టిగా ఏదో ఒకటి అని కడుపులో మంట దించుకునేవాణ్ణి. బుట్టలన్నీ, చక్కెర సంచులు, ఆవు తొడ, అత్తగారి గోమెసి, అన్నీ కార్లలోకి మార్చారు. కిగోజీ కూడా మోశాడు. పెళ్ళికొడుకు మొయ్యకూడదని ఆడవాళ్ళు లాక్కుంటున్నా మోశాడు. నా వైపు చూడలేదు. 'మీరిక్కడ బండి చూసుకుంటూ ఉండండి సెబో, సాయంత్రం మెకానిక్‌ని పంపిస్తాం' అన్నాడు బుకెన్యా. సెబో అంటే అయ్యగారూ అనడమే, మర్యాదే, కానీ మా బంధువులెవరూ నన్ను సెబో అనరు. దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయారు. నేను సీట్లోనే కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను, ఎందుకు పట్టుకున్నానో.

అప్పుడు నా కాళ్ళ దగ్గర ఏదో కదిలింది. కోడి! పొద్దున నమ్యాలో, నా భార్య, తాటాకు బుట్టలో కాళ్ళు కట్టిన ఎర్ర పుంజుని తెచ్చి పెడళ్ళ పక్కన పెట్టి, 'ఇది నీ కాళ్ళ దగ్గరే ఉండాలి, ఇంకెవర్నీ నమ్మను' అంది. పెళ్ళికొడుకు తల్లి ఈ తంతుకి వెళ్ళకూడదు కదా, ఇంట్లో ఉండిపోయింది. పెళ్ళికూతురి అన్న చేతిలో ఆ కోడిని పెడితేనే పిల్లని ఇచ్చినట్టు. మిగతా బుట్టలన్నీ ఉండి ఇదొక్కటి లేకపోతే ఏమీ లేనట్టే. సందట్లో అన్నీ మార్చుకుని దీన్ని మర్చిపోయారు. నేను కూడా మర్చిపోయానా? ఫోను తీశాను. కిగోజీది మోగలేదు, బుకెన్యాది మోగలేదు. ఎలా మోగుతాయి, బయల్దేరేటప్పుడే లుబోవా ఒక గుడ్డసంచి పట్టుకుని బడిపంతుల్లా తిరిగి అందరి ఫోన్లూ ఆర్పించి అందులో వేయించుకున్నాడు. పెద్దల ముందు ఫోను మోగితే జరిమానా. 'ఫోన్లు సంచిలో, మీ నోళ్ళు నా జేబులో' అని కోటు జేబు తట్టి చూపించాడు. అందరూ నవ్వారు. ఇవాళంతా ఎవరూ మాట్లాడకూడదు, ఆయనే మాట్లాడాలి, అది ఆచారం. నా ఫోను మాత్రం అడగలేదు. డ్రైవరు లోపలికి రాడు కదా.

కోడి నోరు తెరిచి రొప్పుతోంది. సీసా మూతలో నీళ్ళు పోసి పెట్టాను, తాగింది. ఎండ బండి రేకు మీద పడి లోపల పొయ్యిలా ఉంది. కిటికీలన్నీ దించాను. రెండు ఆదివారాల కిందట మా ఇంట్లో కూర్చుని వాళ్ళంతా ఎవరెవరు వెళ్ళాలో రాసుకున్నారు. మా ఇంట్లోనే, నేను వేయించిన కుర్చీల్లో. పునుగుపిల్లి వంశం పెద్దలు తొమ్మిది మంది, వాళ్ళలో కిగోజీ ముఖం గుర్తున్నవాళ్ళు ఇద్దరు. వాడి తండ్రి పోయినప్పుడు వాడికి రెండేళ్ళు. నేను వాళ్ళమ్మని చేసుకున్నప్పుడు నాలుగు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ వంశం వాళ్ళు ఏ చెట్టు నీడన కూర్చున్నారో నాకు తెలీదు. వాడికి మలేరియా వచ్చి కళ్ళు తేలేసినప్పుడు బండిలో ప్రయాణికుల్ని దింపేసి ఆసుపత్రికి తోలిన రోజు వాళ్ళు లేరు. పెళ్ళనగానే వచ్చారు, రావాలి, తప్పేం కాదు, వంశం వాళ్ళు లేకుండా పిల్లని అడగడానికి ఎవరు వెళ్తారు? నాది కొండముచ్చు వంశం. నేను వెళ్ళి ఏ నోటితో అడుగుతాను? అదంతా నాకు తెలుసు. తెలిసే కదా కాఫీలందిస్తూ తిరిగాను. కానీ వాళ్ళలో ముసలాయన నన్ను చూసి ఈయనెవరని అడిగినప్పుడు, కిగోజీ గొంతు సవరించుకుని, 'ఈయన కసుజ్జ గారు, మా అమ్మకి సాయంగా ఉన్న పెద్దమనిషి' అన్నాడు. చేతిలో పళ్ళెం ఉంది నాకు. అందులో ఎన్ని కప్పులున్నాయో ఇప్పటికీ చెప్పగలను, ఏడు. సాయంగా ఉన్న పెద్దమనిషి. పక్కింటివాడు, పాలవాడు, ఎవరైనా కావచ్చు. నమ్యాలో తలుపు దగ్గర నిలబడి విని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత బుకెన్యా వచ్చి, 'సామాన్లకి మీ వ్యాను కావాలి, మీరే తోలితే నిశ్చింత, కంజు అక్కర్లేదు, చొక్కా చాలు' అన్నాడు.

ఈ బండి ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, పైన మూత. వానాకాలం పొద్దున్నే మొదటి ట్రిప్పుకి వాణ్ణి బడికి తీసుకెళ్ళేటప్పుడు ఆ వెచ్చటి మూత మీద దుప్పటి మడిచి పడుకోబెట్టేవాణ్ణి. ఇంజను చప్పుడుకి నిద్రపోయేవాడు, ఆపితే లేచేవాడు. 'ఎందుకాపావు నాన్నా?' అనేవాడు. నాన్నా అనమని ఎవరూ నేర్పలేదు, నేనైతే నేర్పలేదు. ఒకరోజు అన్నాడు, అంతే. ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ గోళ్ళరంగు తీసుకుని ట్యాంకు మూత మీద ఎర్రగా రాశాడు, 'డీజిల్ మాత్రమే' అని, ఒంకరటింకరగా. గోళ్ళరంగు సీసా ఖాళీ చేసినందుకు దెబ్బలు తిన్నాడు. 'మరి ఎవరైనా పెట్రోలు పోస్తే బండి చచ్చిపోతుంది కదా' అని ఏడుస్తూ వాదించాడు. ఆ అక్షరాలు ఏళ్ళ తరబడి కడిగీ కడిగీ చెరిగిపోయి ఇప్పుడు ఎర్ర మరక మాత్రం ఉంది. తెలిసినవాడికే అది రాత అని తెలుస్తుంది. బంకులో ఆ పిల్లకేం తెలుస్తుంది?

లుకాయాలో కార్లు మూడూ, నా బండీ వరసగా నిలబెట్టారు. లుబోవా ముందు కారు దిగి వేలు గిరగిరా తిప్పి, 'అన్నిటికీ పెట్రోలే తల్లీ, అన్నిటికీ ఒకే బిల్లు' అన్నాడు. విన్నాను. అదైతే విన్నాను, దాని గురించి అనుమానం లేదు. కాల్చిన అరటికాయలూ పుల్లకి గుచ్చిన కోడి ముక్కలూ పట్టుకుని అమ్మే ఆడవాళ్ళు నా కిటికీ దగ్గరకి తోసుకొచ్చారు, నేను వద్దు వద్దంటున్నాను, అవునవును, వాళ్ళు అడ్డంగా ఉన్నారు. అడ్డంగా ఉంటే అద్దం ఎలా కనపడింది? కనపడింది. ఎర్ర మరక మీద ఆ పిల్ల వేళ్ళు కనపడ్డాయి. నోరు తెరిచాను కూడా. ఏయ్ పిల్లా, డీజిల్ అని అనడానికి ఎంతసేపు? నాలుక కదలడానికి ఎంతసేపు? అప్పుడు నాలోపల ఎవడో అన్నాడు, నీ నోరు ఆయన జేబులో ఉంది కదా, ఆయన్నే మాట్లాడనీ. సాయంగా ఉన్న పెద్దమనిషివి, సాయంగా ఉండు. పోస్తున్నంతసేపూ పంపు మీది లెక్కల అద్దంలో అంకెలు తిరగడం చూస్తూ కూర్చున్నాను. నలభై లీటర్లు పొయ్యడానికి మూడు నిమిషాలు పడుతుంది. పదో లీటరు దగ్గర చెప్పొచ్చు, ఇరవయ్యో లీటరు దగ్గర చెప్పొచ్చు, అంతా పోశాక కూడా తాళం తిప్పకుండా ఉంటే ట్యాంకు ఖాళీ చేసుకోవచ్చు, అక్కడితో సరిపోయేది. తాళం తిప్పాను. ఇరవై ఆరేళ్ళు నాకు అన్నం పెట్టిన బండిని నా చేత్తో నేనే తిప్పాను. ఎవరి మీద కోపమో వాళ్ళకేం కాలేదు, వాళ్ళు కార్లలో వెళ్ళిపోయారు. అయితే నేను కావాలనే చేశానా? కావాలనే అంటే పొద్దున లేచి అనుకుని చెయ్యడం కదా, నేనలా అనుకోలేదు, ఒట్టు. ఊరికే ఊరుకున్నాను. ఊరుకోవడం చెయ్యడం అవుతుందా?

'ఏం సెబో, బండి చచ్చిందా?' అంది రోడ్డు పక్కన చిలగడదుంపలు తవ్వుతున్న ఆవిడ. ఎంతసేపట్నుంచి చూస్తోందో. నడుం మీద చెయ్యి వేసుకుని గట్టు ఎక్కి వచ్చింది.

'చచ్చినట్టే. డీజిల్ బండిలో పెట్రోలు పోశారు.'

'ఎవరా గుడ్డివాడు?'

నేను చేతులు మళ్ళీ గుడ్డకి రుద్దుకున్నాను. ఆవిడ కిటికీలోంచి తొంగిచూసి కోడిని చూసింది. కార్లు వెళ్ళడం చూసే ఉంటుంది, కంజులు చూసే ఉంటుంది, ముఖం మారిపోయింది. 'అయ్యో అయ్యో, ఇది పెళ్ళికోడి కాదూ! ఇది ఇక్కడుంటే వాళ్ళక్కడ ఏం ఊడబొడుస్తారు?' అంది. 'నా పెళ్ళికి తెచ్చిన కోడి దారిలో చచ్చింది సెబో. చచ్చిన కోడిని మా అన్న పుచ్చుకోలేదు, మళ్ళీ తెస్తామని మా ఆయన తేలేదు. ఆరుగురు పిల్లల్ని కన్నాను. ఇప్పటికీ మా అన్న మా ఆయన్ని ఏమంటాడో తెలుసా? మా చెల్లిని ఎత్తుకుపోయినవాడు అంటాడు. మా ఇంటికొస్తే మంచినీళ్ళు ముట్టడు.' నవ్వుతూనే చెప్పింది గానీ నవ్వు చివర్న ఆగిపోయింది. 'మరి ఇక్కడ కూర్చున్నావేంటి? బండికి కాళ్ళు లేవు, నీకు కూడా లేవా?'

కాళ్ళున్నాయి. ఇంతసేపూ నేను అదే కదా ఆలోచించకుండా తప్పించుకుంటున్నాను. రెండు బోడాలు, కిరాయి మోటారుసైకిళ్ళు, పోయాయి, రెండింటి మీదా మనుషులున్నారని వదిలేశాను, చెయ్యెత్తి ఆపితే ఒకణ్ణి దింపి ఎక్కించుకునేవాడు. వాళ్ళు ద్వారం దగ్గర బుట్టలన్నీ తడిమి తడిమి కోడి ఏదని ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోవడం, లుబోవా మాటలు అయిపోవడం, బుకెన్యా చెమటలు కక్కడం, ఇదంతా నేనిక్కడ కూర్చుని కళ్ళారా చూస్తున్నాను. చూస్తుంటే బాగుంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, బాగుంది. కానీ వాళ్ళ మధ్యలో కిగోజీ నిలబడి ఉన్నాడు, వాడి ముఖం నేనెంత పక్కకి నెట్టినా పోవడం లేదు, గోళ్ళరంగు సీసా పట్టుకుని ఏడ్చిన ముఖమే, దానికే మీసాలొచ్చాయి. పెళ్ళికూతురు నబ్బోసా వాళ్ళన్న వీణ్ణి రేపట్నుంచి మా చెల్లిని ఎత్తుకుపోయినవాడు అంటాడు. అనిపించేది నేను. నా సీటు కింద సంచిలో నమ్యాలో ఇస్త్రీ చేసి పెట్టిన కంజు ఉంది. వద్దన్నారు కదే అంటే, 'సంచిలో ఉంటే నీకేం బరువు' అంది. తీశాను. నూనె మరకల చొక్కా మీదే తొడుక్కున్నాను. కోటు లేదు. ఎవరూ కోటు లేకుండా వెళ్ళరు, నేను వెళ్తాను. బండి తాళం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ, 'పో పో, నీ బండిని ఎవడెత్తుకుపోతాడు, కదిల్తే కదా' అంది. కోడి బుట్ట గుండెకి ఆనించుకుని ఆ ఎండలో నడుస్తున్నాను. ఐదు కిలోమీటర్లు. పన్నెండు నలభై. నడిస్తే అందదు, పరుగెత్తాలి, యాభై ఏడేళ్ళు, పరుగెత్తుతున్నాను, కంజు కాళ్ళకి అడ్డం పడుతోంది, కోడి తిడుతోంది.

మలుపులో ఎదురుగా దుమ్ము, దుమ్ములో బోడా, దాని వెనక సీటు మీద తెల్ల కంజు గాలికి ఉబ్బి ఎగురుతోంది. కిగోజీ. పెళ్ళికొడుకు! వరసలోంచి వచ్చేశాడు. బండి ఆగకముందే దూకి నా ముందుకొచ్చి నిలబడి, కోడి వైపు కాదు, నా కంజు వైపు చూశాడు. 'ఎక్కు నాన్నా' అన్నాడు. బోడా అబ్బాయి ముందు, మధ్యలో వాడు, వెనక నేను, నా ఒళ్ళో కోడి. ముగ్గురి బరువుకి బండి మూలిగింది. వాడి కోటు వీపు నా ముఖానికి తగులుతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పను, మెకానిక్ వస్తాడు, బంకు పిల్ల తప్పవుతుంది, లుబోవా తప్పవుతుంది, కాలం గడిచిపోతుంది.

'ఒరే, నేను చూశాను. బంకులో ఆ పిల్ల పెట్రోలు పోస్తుంటే చూశాను. చూసి ఊరుకున్నాను.'

గతుకులు, గాలి, కోడి. తర్వాత తల సగం తిప్పి గట్టిగా అన్నాడు, 'నేను విన్నాను నాన్నా. కారు అద్దం దించే ఉంది. అన్నిటికీ పెట్రోలే అన్నాడు. నీది డీజిల్ అని నాకు తెలీదా, ఆ మూత మీద రాసింది నేనేగా.'

'మరి?'

'నీ బండి ఆగిపోతే నిన్ను మా కారులో ఎక్కించుకోక చస్తారా అనుకున్నాను. తీరా నిన్ను కాపలా పెట్టారు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. బుట్టలు మోశాను.'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు, కోపం వచ్చింది. 'దానికి ఇంజను చంపుకోవాలా వెధవా? నోటితో చెప్తే సరిపోయేది కదా!' అని అరిచాను.

'నీకూ అంతేగా' అన్నాడు. బోడా అబ్బాయి నవ్వాపుకోలేక హ్యాండిల్ ఊపాడు, ముగ్గురం పడబోయాం.

ద్వారం దగ్గర వరస అప్పటికే కట్టి ఉంది, లోపల పందిట్లోంచి డప్పులు వినిపిస్తున్నాయి. ఒంటిగంటకి మూడు నిమిషాలు. లుబోవా పరుగెత్తుకొచ్చి, 'కోడి ఇటివ్వండి సెబో, మీరింక బండి దగ్గరకి వెళ్ళండి' అని చేతులు చాచాడు. నా చేతులు వాటంతటవే ఇవ్వబోయాయి, ఇరవై ఏళ్ళ అలవాటు. కిగోజీ నా మణికట్టు పట్టుకున్నాడు. ద్వారం దగ్గర రిబ్బన్లు పట్టుకుని నిలబడ్డ ఆడపిల్లలందరికీ వినపడేలా, 'ఈయన ఎక్కడికీ వెళ్ళడు. ఈయన మా నాన్న' అన్నాడు. తర్వాత ఆ పిల్లలు చేతులు చరుచుకుంటూ లోపలికి కేకేశారు, 'విన్నారా, పెళ్ళికొడుకెవరో తెలిసిపోయింది, నోరు విప్పేశాడు!' గుంపులోంచి పెళ్ళికొడుకుని వెతికి పట్టుకునే వేడుక అంతా అక్కడితో పోయింది. లుబోవా తల పట్టుకున్నాడు. బుకెన్యా నేల చూశాడు, నన్ను చూశాడు, కోటు లేని నా కంజు మీది ఎర్రమట్టి చూశాడు. ముందు వరసలోంచి ఒక అడుగు పక్కకి జరిగాడు. మనిషి పట్టేంత చోటు.

తర్వాత జరిగిందంతా ఎలా జరిగిందో సరిగ్గా గుర్తులేదు, చాపల మీద కూర్చున్నాం, బుట్టలు తెరిచారు, ఎవరో ఎవర్నో పొగిడారు. చివరికి పెళ్ళికూతురి అన్న వచ్చి నిలబడ్డాడు. పొడుగ్గా, నవ్వు ముఖం లేనివాడు. నేనే లేచి కోడిని వాడి చేతుల్లో పెట్టాను. పుచ్చుకున్నాడు. పుచ్చుకుని, ముఖం దగ్గరకి తెచ్చుకుని, ముక్కు చిట్లించాడు.

'ఏంటిది, ఈ కోడి పెట్రోలు వాసన కొడుతోందేం?'

జవాబు చెప్పాల్సినవాడు లుబోవా. ఏ ప్రశ్నకైనా తడుముకోనివాడు, లేచి నిలబడి, నోరు తెరిచి, నా చేతుల వైపు చూశాడు. మళ్ళీ మెల్లిగా కూర్చున్నాడు.

'దీనికి జవాబు నా దగ్గర లేదు పెద్దలారా. పిల్లవాడి నాన్న చెప్తాడు.'

నేను గొంతు సవరించుకున్నాను.